రామన్ గారు ఒప్పుకోని పసుపు

బెంగుళూరులో మేఖ్రీ సర్కిల్‌కు దగ్గర్లో, సదాశివనగర్ వైపు, చెట్ల మధ్య రామన్ పరిశోధన సంస్థ ఉంది. ఆ దారిన రోజూ వెళ్ళే మన తెలుగువాళ్ళని ఆపి సర్ సి.వి. రామన్ ఏం కనిపెట్టారని అడిగితే రామన్ ఎఫెక్టు పేరైనా చెబుతారు. 1928లో కనిపెట్టారనీ, 1930లో నోబెల్ బహుమతి వచ్చిందనీ చెప్పగలవాళ్ళూ ఉంటారు. ఆ బహుమతి తర్వాత నలభై ఏళ్ళు బతికిన ఆ మనిషి చివరి పదేళ్ళలో దేని వెంట పడ్డారంటే మాత్రం జవాబు రాదు. ఆయన రంగుల వెంట పడ్డారు. ముఖ్యంగా ఒక్క రంగు వెంట పడ్డారు. అది పసుపు.

ఎర్రటి కాంతీ ఆకుపచ్చ కాంతీ ఒకే చోట పడితే పసుపు కనిపిస్తుందని నూరేళ్ళకు పైగా పుస్తకాలన్నీ చెబుతున్నాయి. మన కన్ను మూడే మూడు రంగుల లెక్కతో పని చేస్తుందన్న సిద్ధాంతానికి ఈ మాట పునాది. రామన్ గారు దీన్ని ఒప్పుకోలేదు. 1960 ప్రాంతంలో 'కరెంట్ సైన్స్' పత్రికలో మొదలుపెట్టి, 1968లో అచ్చయిన 'ది ఫిజియాలజీ ఆఫ్ విజన్' అనే పుస్తకం దాకా, పసుపు మరో రెండు రంగుల సంతానం కాదు, అది తనంతట తానే మూలవర్ణం అని వాదిస్తూ వచ్చారు. ఆ వాదం ఎందుకు నిలవలేదో, పూర్తిగా ఎందుకు కొట్టుకుపోలేదో చెప్పుకోవాలని ఈ వ్యాసం.

నేను సైన్సు చదివినవాణ్ణి కాను. బి.కామ్. చదివి బ్యాంకులో పద్దులు చూసుకునేవాణ్ణి. రామన్ గారు కూడా మొదట లెక్కల ఆఫీసరే కదా అన్నదే నా ధైర్యం. 1907లో ఆర్థిక శాఖ పరీక్షలో మొదటివాడిగా నెగ్గి, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. రంగూన్, నాగపూర్ బదిలీలు కూడా అయ్యాయి. 1917లో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి దొరికేదాకా పగలు సర్కారు లెక్కలు చూస్తూ, ఉదయం సాయంత్రం బౌబజార్ వీధిలోని ప్రయోగశాలలో పని చేశారు. బదిలీ ఉత్తర్వు అందుకుని సామాను సర్దుకోవడం ఏమిటో తెలిసినవాళ్ళకు ఆ పదేళ్ళ విలువ అర్థమవుతుంది.

మనకు ఆయనతో ఇంకో బంధుత్వం ఉంది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ గారు విశాఖపట్నంలో ఎ.వి.ఎన్. కళాశాల అధ్యాపకులు. తిరుచిరాపల్లి దగ్గర పుట్టిన రామన్ గారి బాల్యం, బడి చదువు, ఎఫ్.ఎ. చదువు అన్నీ విశాఖ సముద్రం పక్కనే. ఆ సముద్రం సంగతి తర్వాత అవసరమవుతుంది. ఆయన శిష్యుల్లో మన సూరి భగవంతం గారు ఒకరు. రామన్ గారు రంగుల పని మొదలుపెట్టిన రోజుల్లో, 1957 నుంచి 1962 దాకా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు ఆయనే డైరెక్టరు. 1933లో గురువుగారు కూర్చున్న కుర్చీ అది.

ఇక అసలు విషయానికి వద్దాం. పట్టకంలోంచి ఎండను పంపి న్యూటన్ దాన్ని రంగులుగా విడదీశాడని అందరికీ తెలుసు. విడదీసిన వాటిని మళ్ళీ కలిపి చూశాడన్నది అంతగా తెలియదు. వర్ణపటంలో నారింజ రంగు దానంతట అది ఉంది. ఎరుపునీ పసుపునీ కలిపినా నారింజే కనిపిస్తుంది. కంటికి రెండూ ఒకటే. రెండో పట్టకం పెడితే మాత్రం మొదటిది చెక్కు చెదరదు, రెండోది మళ్ళీ ఎరుపుగా, పసుపుగా విడిపోతుంది. అంటే ఒకే రంగుగా కనిపించే కాంతులు ఒకటే కానక్కర లేదని న్యూటన్ 1672లోనే లోకానికి చెప్పాడు. ఎందుకలా జరుగుతుందన్నది చెప్పలేదు.

ఎందుకో ఊహించినవాడు థామస్ యంగ్ అనే వైద్యుడు. కంటి లోపలి తెర మీద ప్రతి బిందువు దగ్గరా లెక్కలేనన్ని రంగులకు లెక్కలేనన్ని కణాలు పట్టవు కదా, కొద్ది రకాలే ఉండి ఉండాలి, బహుశా మూడు, అని 1801లో అన్నాడు. కొలతలేం లేవు, కేవలం పొదుపు లెక్క. జర్మనీలో హెల్మ్‌హోల్ట్స్ 1852లో దాన్ని మొదట కాదన్నాడు, తర్వాత మనసు మార్చుకుని దానికి పెద్ద దిక్కయ్యాడు. రంగు పొడులు కలపడం వేరు, రంగు కాంతులు కలపడం వేరు అని తేల్చి చెప్పింది కూడా ఆయనే. పిల్లలు డ్రాయింగు పుస్తకంలో పసుపూ నీలం కలిపితే ఆకుపచ్చ వస్తుంది. ఆ పొడులు తలా కొంత కాంతిని మింగేయగా ఇద్దరూ వదిలేసినది ఆకుపచ్చ. అదే పసుపు కాంతినీ నీలి కాంతినీ గోడ మీద ఒకే చోట వేస్తే తెలుపు కనిపిస్తుంది. మొదటిది తీసివేత, రెండోది కూడిక.

ఆ కూడికను కొలతల్లో పెట్టినవాడు మాక్స్‌వెల్. గుండ్రని రంగు కాగితాలను బొంగరం మీద అమర్చి తిప్పుతూ, ఏది ఎంత పాలు ఉంటే ఏ రంగు కనిపిస్తుందో 1855లో సమీకరణాలు రాశాడు. 1861లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక గళ్ళ రిబ్బను ఫొటోలను ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల్లో ఒకదానిమీద ఒకటి వేసి రంగుల బొమ్మ చూపించాడు. ఇందులో ఓ తమాషా ఉంది. ఆ కాలపు ఫొటో పలకలకు ఎరుపు సోకేదే కాదు. ఆ రిబ్బనులోని ఎరుపు భాగం కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని కూడా వెనక్కి పంపడం వల్ల పలక మీద బొమ్మ పడిందని నూరేళ్ళ తర్వాత కొడాక్ వాళ్ళు తేల్చారు. అదృష్టం కూడా శాస్త్రానికి సాయపడుతుంది మరి.

ఈ మూడు రంగుల సంగతి నాకు నా పద్దుల భాషలోనే అర్థమయింది. కంటి వెనక తెర మీద, వెలుతురులో పని చేసే శంకు కణాలు అరవై లక్షల దాకా ఉంటాయి. రకాలు మూడే. వాటిని మూడు ఖాతాలనుకోండి. వచ్చిన కాంతి ఎలాంటిదైనా ఈ మూడింట్లోనే జమ కావాలి. ఏ ఓచరు మీద ఎంత జమయిందన్న వివరం కన్ను దాచుకోదు. సాయంత్రానికి మూడు మొత్తాలు మాత్రం మెదడుకు పంపిస్తుంది. వెయ్యి రూపాయలు ఒక్క చెక్కుగా వచ్చినా, రెండు ఐదు వందల నోట్లుగా వచ్చినా ఖాతాలో నిలవ వెయ్యే. వర్ణపటంలోని అసలు పసుపు కాంతి ఎరుపు ఖాతాలో ఇంత, ఆకుపచ్చ ఖాతాలో ఇంత జమ చేస్తుంది. విడివిడిగా వచ్చిన ఎరుపు కాంతీ ఆకుపచ్చ కాంతీ కలిసి సరిగ్గా అంతే జమ చేస్తే మెదడుకు తేడా తెలిసే దారి లేదు. నిలవ ఒకటే, పసుపు ఒకటే.

చిక్కపేట పట్టు దుకాణాల్లో ఆడవాళ్ళు చీరనూ రవిక గుడ్డనూ లోపల ట్యూబులైటు కింద జోడీ చూసి, సంతృప్తి పడక, రెండూ పట్టుకుని వాకిట్లోకి వెళతారు. అమ్మేవాడు విసుక్కోకూడదు. లోపల ఒకటిగా ఉన్న రంగులు ఎండలో వేరవుతాయి. ట్యూబులైటు పంపిన ఓచర్లు వేరు, సూర్యుడు పంపినవి వేరు. అక్కడ మొత్తాలు అనుకోకుండా సరిపోయాయి, ఇక్కడ సరిపోలేదు.

మన ఇళ్ళల్లో కనీసం మూడు పసుపులున్నాయి. వంటింట్లో పప్పు పొంగి గ్యాసు పొయ్యి మీద పడ్డప్పుడు నీలి మంట ఒక్కసారి పచ్చగా మారుతుంది. ఉప్పులోని సోడియం చేసే పని అది. ఆ కాంతి దాదాపు అంతా 589 నానోమీటర్ల దగ్గరే ఉంటుంది. ఇది ఒకే ఓచరు పసుపు. గుమ్మానికి కట్టిన బంతిపూల దండది రెండో పసుపు. పువ్వు నీలాన్ని మింగేసి, ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా అంతటినీ వెనక్కి పంపుతుంది. అందులో పసుపు పాలు కొంతే. మూడోది టి.వి.లో, సెల్‌ఫోనులో కనిపించేది. ఫోను తెర మీద పసుపు బొమ్మ ఒకటి పెట్టి, చిన్న నీటి బొట్టు వేసి భూతద్దంలా దాన్లోంచి చూడండి. ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు తప్ప పసుపు చుక్క ఒక్కటీ ఉండదు. పసుపు తయారయేది తెర మీద కాదు, మన తలలో.

రామన్ గారి గొడవ మొదలయింది ఆ రెండో పసుపు దగ్గర. ఆయనకు గులాబీలంటే ప్రాణం. పూలు, రత్నాలు, రంగు బట్టలు, ఆకాశం, ఏది కనిపించినా చేతి స్పెక్ట్రోస్కోపు కంటికి ఆనించేవారు. పూల రంగుల మీద 1963 ప్రాంతంలో వరుసగా వ్యాసాలు రాశారు. ఆయన గమనించినది సరైనదే: పసుపు పువ్వు కాంతిని విడదీస్తే ఆకుపచ్చా ఎరుపూ పుష్కలంగా ఉన్నాయి, పువ్వును చూస్తే మాత్రం వాటి జాడ లేదు. తెల్లని కాంతిలోంచి పసుపు పట్టీ ఒక్కటి పోతే మిగిలినది ఊదా రంగుగా కనిపిస్తుందనీ చూశారు. పసుపుకి ఇంత బలం ఉంటే అది తక్కినవాటిని కప్పేసే సొంత శక్తి గల రంగు కావాలి, రెండు పరాయి రంగుల మొత్తం ఎలా అవుతుందన్నది ఆయన తర్కం. మూడు రంగుల సిద్ధాంతం వాస్తవానికి విరుద్ధమని తీర్మానించారు. కంటిలోని వర్ణద్రవ్యాల గురించి తన సొంత ఊహలూ చెప్పారు.

పరిశీలన నిజం. తీర్మానం కాదు. నా ఉద్దేశంలో, ఇక్కడ పాత ఆడిటరు శాస్త్రజ్ఞుడికి అడ్డు వచ్చాడు. ఆయన చేతిలోని స్పెక్ట్రోస్కోపు ప్రతి ఓచరునూ విడివిడిగా చూపించే పరికరం. కన్ను అలాంటిది కాదు. ఓచర్లన్నీ కళ్ళముందు కనిపిస్తుంటే, నిలవ మాత్రమే తెలిసిన గుమాస్తా ఒకడు లోపల ఉంటాడని నమ్మడం కష్టం.

ఇందులో విచారించాల్సింది తేదీల సంగతి. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌లో ఒక బృందం, హార్వర్డ్‌లో పాల్ బ్రౌన్, జార్జ్ వాల్డ్ ఇంకో వైపు, 1964లో ఒక్కొక్క శంకు కణం మీదకే సన్నని కాంతి రేఖను పంపి అది ఏ రంగును ఎంత మింగుతుందో కొలిచారు. మూడు రకాలు దొరికాయి. యంగ్ పొదుపు లెక్క నూట అరవై మూడేళ్ళకు సూక్ష్మదర్శిని కింద రుజువయింది. వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే, మూడు రంగుల సిద్ధాంతం తప్పన్న పుస్తకం బెంగుళూరులో అచ్చయింది. అచ్చువేసింది ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్. 1934లో ఆ అకాడమీని స్థాపించినవారూ, చనిపోయేదాకా దానికి అధ్యక్షులూ రామన్ గారే. ఆ రంగంలో పనిచేసేవారు ఆ పుస్తకాన్ని పెద్దగా పట్టించుకోలేదు. బ్రాంచి లెక్కలను బ్రాంచి మేనేజరే ఆడిట్ చేసుకోకూడదన్న నియమం బ్యాంకుల్లో ఊరికే పెట్టలేదు. ఆయన నిజాయితీ మీద అనుమానంతో ఈ మాట అనడం లేదు. అంత పెద్ద మనిషిని పక్కన కూర్చుని 'అయ్యా, ఈ పద్దు మరోసారి చూడండి' అనడానికి ఎంత చనువు కావాలో తెలిసి అంటున్నాను.

ఆ మాట అనగలిగినవాడు ఒకాయన ఉండేవాడు గాని 1919లోనే పోయాడు. ఇంగ్లండులో లార్డ్ రేలీ. ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుందో తేల్చినవాడు, రామన్ గారికి కుర్రతనం నుంచీ ఆరాధ్యుడు. రేలీ 1881లో ఒక పెట్టె తయారు చేశాడు. ఒక సగంలో సోడియం పసుపు, రెండో సగంలో ఎరుపూ ఆకుపచ్చా కలిసిన మిశ్రమం. రెండు సగాలూ ఒకటయేదాకా మిశ్రమం పాళ్ళు మార్చాలి. చాలామంది దాదాపు ఒకే పాళ్ళ దగ్గర ఆగారు. రేలీ బావమరుదులు మాత్రం మిగతావాళ్ళకు ఆకుపచ్చగా తోచే మిశ్రమాన్నే పసుపుతో సరిపోయిందన్నారు. వాళ్ళేమీ పూర్తి వర్ణాంధులు కారు. కూడిక కాంతిలో జరిగేదయితే అది అందరికీ ఒకటిగానే ఉండాలి. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉందంటే కూడిక జరిగేది కంట్లోనే. ఇంతకంటే సూటి సాక్ష్యం నాకు కనిపించలేదు. వర్ణదృష్టిలోని ఈ తేడాలను పట్టే పరికరాలు ఈనాటికీ రేలీ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

విధి చిత్రమేమంటే ఇదే రేలీని సరిదిద్దిన ఘనత కూడా రామన్ గారిదే. సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ చెప్పాడు. 1921లో ఇంగ్లండు నుంచి నార్కుండా ఓడలో తిరిగివస్తూ, రామన్ గారు డెక్కు మీద నిలబడి, ప్రతిబింబాన్ని మాయం చేసే చిన్న నికల్ పట్టకంలోంచి నీళ్ళను చూశారు. ఆకాశం జాడ పోయినా సముద్రం నీలంగానే ఉంది, ఇంకా చిక్కబడింది కూడా. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయి. ఆ దారే తొమ్మిదేళ్ళకు నోబెల్‌కు చేర్చింది. విశాఖలో పెరిగిన పిల్లవాడికి సముద్రం రంగు గురించి ఇంకొకరి మాట నమ్మబుద్ధి కాకపోవడంలో వింత లేదు. జేబులో పట్టే పరికరం, సొంత కన్ను, పెద్దల మాట మీద అపనమ్మకం, ఈ మూడూ 1921లో ఆయన్ని గెలిపించాయి. 1960ల్లోనూ అవే మూడింటితో బయల్దేరారు. ఈసారి పరీక్షించవలసిన వస్తువు ఆ కన్నే.

అయితే పసుపు విషయంలో ఆయన మాటకు ఒక సాక్షి ఉన్నాడు. నారింజ రంగును చూస్తే ఎరుపూ పసుపూ రెండూ తోస్తాయి. ఊదాను చూస్తే ఎరుపూ నీలం. పసుపును చూసి ఇందులో ఎరుపుంది, ఆకుపచ్చ ఉంది అని ఎవరంటారు? అది నిఖార్సుగా కనిపిస్తుంది. ఈ మాటే 1870ల్లో హెరింగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అన్నాడు. ఎరుపుకు ఆకుపచ్చ ఎదురు, పసుపుకు నీలం ఎదురు, మూలవర్ణాలు నాలుగు అన్నాడు. హెల్మ్‌హోల్ట్స్ వర్గానికీ అతనికీ చాలాకాలం పడలేదు. 1950ల నుంచి చేపల కళ్ళలోనూ కోతుల మెదడులోనూ నాడీకణాలను పరీక్షించినవారు ఇద్దరూ సరేనని తేల్చారు. మొదటి మెట్టులో ఖాతాలు మూడే. రెండో మెట్టులో ఆ మొత్తాల మధ్య కూడికలూ తీసివేతలూ జరుగుతాయి. అక్కడ ఎరుపు ఖాతా, ఆకుపచ్చ ఖాతా కలిపి ఒక వైపు, నీలం మరో వైపు. ఆ మొదటి వైపుకి మనం పెట్టిన పేరే పసుపు. మా భాషలో చెప్పాలంటే బ్రాంచి కౌంటరులో పసుపు పేర ఖాతా లేదు, హెడ్డాఫీసు పుస్తకంలో ఉంది. రామన్ గారు హెడ్డాఫీసు పుస్తకం చూసి కౌంటరులో కూడా ఖాతా ఉండి తీరాలన్నారు.

మన భాష ఈ రంగు దగ్గర చేసిన పని కూడా గమ్మత్తే. పచ్చకామెర్లు, పచ్చగన్నేరు అన్నప్పుడు పచ్చ అంటే పసుపు. పచ్చగడ్డి, పచ్చని చేను అన్నప్పుడు ఆకుపచ్చ. రెండింటికీ ఒకటే మాట సరిపెట్టుకుని, తేడా చెప్పవలసి వస్తే ఒకదానికి ఆకు తగిలించాం, రెండోదాన్ని కొమ్ము పేరుతో పసుపు అన్నాం. మనం పసరు అనేదానికి దగ్గరి చుట్టమైన మాటతోనే కన్నడిగులు ఆకుపచ్చను హసిరు అంటారు. వాళ్ళకు పసుపు రంగు హళది. కంటికి వేరుగా తోచేవి నోటికి కూడా వేరు కావాలని లేదు.

హెల్మ్‌హోల్ట్స్ 1852లో తెల్లని కాంతి కోసం వర్ణపటంలోని రంగులను జంటలుగా కలిపి చూసినప్పుడు ఆయనకు మొదట ఒక్క జంటే దొరికింది, పసుపూ నీలమూ. ఈనాడు బెంగుళూరు వీధుల్లో, మన గదుల్లో వెలిగే ఎల్.ఇ.డి. దీపాల్లో ఎక్కువ భాగం ఆ జంటే. లోపలి చిప్పు ఇచ్చేది నీలి కాంతి. దాని మీద పూసిన పసుపు పొడి అందులో కొంత తీసుకుని పసుపుగా మార్చి వదులుతుంది. మిగిలిన నీలం, కొత్త పసుపు కలిస్తే తెలుపు. నీలి దీపాన్ని సాధించిన ముగ్గురు జపాను సంతతి శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ వచ్చింది. మన దేశంలో టి.వి. రంగులు తొడుక్కున్నది 1982లో. అప్పటికి రామన్ గారు పోయి పన్నెండేళ్ళు. ఇంటింటా పసుపు చుక్క లేని పసుపును చూసి ఆయన ఏమనేవారో తెలుసుకోవాలని ఉంటుంది. ఊరుకునేవారు కాదని మాత్రం చెప్పగలను.

ఒక్క సంగతి ఉంది. రామన్ గారు మొదట శబ్దం మనిషి. వయొలిన్, వీణ, తంబురా, మృదంగం, వీటి నాదం మీద కలకత్తా రోజుల్లో ఆయన చేసిన పని ఈనాటికీ మన్నన పొందుతోంది. చెవి కన్నులాంటిది కాదు. తంబురా మీద పంచమం, షడ్జం కలిపి మోగినా రెండూ విడివిడిగా వినిపిస్తాయి. రెండు స్వరాలు కలిసి మధ్యలో మూడో స్వరంగా మారిపోవడమన్నది లేదు. చెవి ఓచర్లను దాచుకుంటుంది. అలాంటి చెవితో అరవై ఏళ్ళు గడిపిన మనిషికి, రెండు రంగులు కలిసి జాడ లేకుండా మూడో రంగయిపోతాయంటే నమ్మకం కుదరలేదేమోనని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే.

ఏటా అక్టోబరు 2న తన సంస్థలో గాంధీ స్మారక ఉపన్యాసం ఇవ్వడం ఆయన ఆనవాయితీ. 1970లో ఇచ్చినదే చివరిది. ఆ రోజు ఆయన ఎంచుకున్న విషయం కన్ను కాదు, చెవి. లోపలి చెవిలోని నత్తగుల్ల లాంటి కాక్లియా, శబ్దాన్ని మనం గ్రహించే తీరు. నవంబరు 21న కన్నుమూశారు. సంస్థ ఆవరణలోనే దహనం చేశారు. ఆ చోట ఇప్పుడొక చెట్టు ఉంది.